మూడో కొండ

నేను కనిపెట్టిన పదార్థానికి మా అమ్మ పేరు పెడదామనుకున్నాను. ఆ ముచ్చట ఎలా మంటగలిసిందో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి, మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఆపుకోలేదు.

అప్పట్లో విశాఖలో ఫార్మసీ పరిశోధన చేస్తున్నాను. ఒకే బిళ్లలో రెండు బీపీ మందులుంటే, రక్తంలోకి ఏది ఎంత చేరుతుందో కొలవడం నా పని. రక్తం నుంచి తీసిన ద్రవాన్ని క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపితే, ఒక్కో మందూ తన సమయానికి బయటికొచ్చి తెరమీద ఒక కొండ గీస్తుంది. రెండు మందులు, రెండు కొండలు. అంతే.

చింతపల్లి కొండల్లోని ఒక ఊళ్లో బీపీ ఉన్న కొందరు రక్తమివ్వడానికి ఒప్పుకున్నారు. పొద్దున్నే జీపులో వేలాడుతూ వెళ్లాను. బిళ్ల వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి నర్సు చేత రక్తం తీయించాను. ముందు తీసిన రక్తంలో ఏ కొండా లేదు. తర్వాతి దాంట్లో మూడు! మూడోది ఎక్కాలంటే ఘాట్ రోడ్డు వేయాల్సిందే.

"మేడమ్, ఒంట్లో కొత్త పదార్థం పుట్టింది!" అని మా గైడ్ దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. "అదే నిజమైతే ఈ బిళ్ల ప్రమాదమేమో. పాపం, ఎంతమంది రోజూ వేసుకుంటున్నారో. ఆ రోజు ఇంకేమైనా తిన్నారేమో ముందు కనుక్కో."

అప్పటికే నేను స్వీట్లు పంచేశాను.

మళ్లీ కొండెక్కాను. రక్తమిచ్చినవాళ్లలో పెద్దావిడ సోంబారమ్మ వాకిట్లో మిరియాలు ఆరబోస్తోంది.

"అమ్మా, ఆ రోజు ఆకు గానీ, వేరు గానీ ఏమైనా తిన్నారా?"

"ఏటీ తిన్లేదు. తినొద్దన్నావు కదా."

"తాగడం?"

"అంబలి కూడా తాగనివ్వలేదు నువ్వు."

నా గుండె ఉప్పొంగింది. "అంటే, ఏమీ తాగలేదు!"

"నువ్వు పోసిన కాఫీ తప్ప," అందావిడ. "బిళ్లేసినాక సలికి వొణుకుతన్నామని ఫ్లాస్కు తీసి గ్లాసుల్నిండా పోసీసినావు గదే గుంటా! మేం కాఫీ పండిత్తాం, అమ్ముతాం. తాగం, సేదు. పిల్ల బాధపడతాదని అందరం కళ్లు మూసుకుని మింగినాం."

విశాఖ చేరి, కాఫీలో ఉండే కెఫీన్‌ని శుద్ధంగా తెచ్చి యంత్రంలోకి పంపాను. అదే చోట, అదే కొండ. బిళ్లలో ఏ దోషమూ లేదు.

గైడ్ తెరమీది కొండని వేలితో చూపించారు. "నీ కొత్త పదార్థం నాకో కప్పు పట్రా. పంచదార తక్కువ వెయ్యి."

చదువుతున్న మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నాకు రక్తమిచ్చేవాళ్లు చలికి కొయ్యబారిపోతున్నా దుప్పటి తప్ప మరేమీ ఇవ్వను. ఆ దుప్పటిని కూడా ముందు యంత్రంలో పెట్టి చూశాకే కప్పుతాను.