నాన్న రీడు మీద అంకె

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి రాగానే నాన్న పంచలో ఎండ పడేచోట పాత దుప్పటి పరిచి, సాక్సాఫోన్ రీడులు వరసగా పేర్చేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

రీడు అంటే వేలెడు పొడవుండే రెల్లు చెక్క. సాక్సాఫోన్ మూతి దగ్గర బిగిస్తారు. ఒక కొస మందంగా ఉంటుంది, రెండో కొస ఉల్లిపొరంత పల్చగా ఉంటుంది. అది అదిరితేనే పాట. డబ్బాలో పది ఉంటే మూడో నాలుగో పనికొస్తాయి. వాటిని ఏరడం నా పని.

"నీ కండ్లు మంచివి పాపా... నాకు దగ్గరివి సరిగా కనపడవు" అనేవాడు.

ఒక్కొక్కటీ ఎండకు ఎత్తిపట్టి చూసేదాన్ని. లోపలి నారలు దువ్విన జుట్టులా తిన్నగా ఉండాలి. పచ్చదనం కనిపిస్తే పక్కన పెట్టాలి... ఆ రెల్లు ఇంకా ముదరలేదన్నమాట. కొసను గోటి మీద మెల్లగా నొక్కితే వంగి, మళ్లీ లేవాలి. నేను ఏరింది నాన్న నోట్లో తడుపుకుని, బిగించి, ఒక్క స్వరం ఊదేవాడు. బాగా పలికితే నా జడ పట్టుకుని లాగేవాడు.

ప్రతి రీడు వెనకా ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ రీడు గట్టిది, ఊదడానికి దమ్ము ఎక్కువ కావాలి. నాన్నది మూడు. నాన్న వాయించే పెళ్లిబ్యాండుకు మేస్త్రీ అయిన మస్తాన్ మామ ఆ సంగతి ఊరంతా గొప్పగా చెప్పుకునేవాడు.

పెళ్లిళ్లు లేని రోజుల్లో నాన్న కడప బండల పాలిషు పనికి పోయేవాడు. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా దుమ్ము... అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే బూడిదరంగు నీళ్లు కారేవి.

నా ఐదో తరగతి వేసవిలో అన్నాడు... "ఈసారి రెండున్నరవి ఏరు పాపా."

"ఎందుకు నాయినా?"

"మెత్తగా ఉంటాదిలే."

క్రిస్మస్ నాటికి రెండు అయింది. ఆ రోజు గొంతు తగ్గించి, "మీ యమ్మకు చెప్పాకు. ఊరికే భయపడ్తాది" అన్నాడు.

అమ్మ భయపడకూడదు, సరే... మరి నేను?

మూడు, రెండున్నర, రెండు... ఆ తర్వాత ఏమిటి? బడిలో తీసివేతల లెక్కలు చేయకుండా వదిలేసేదాన్ని. చర్చి మెట్లు తొమ్మిది. నాన్న ఎన్నో మెట్టు దగ్గర ఆగుతాడో వెనక నడుస్తూ లెక్కపెట్టేదాన్ని. మొదట ఏడో మెట్టు... తర్వాత ఐదు... ఒక వారం మూడో మెట్టు దగ్గరే, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి నిలబడ్డాడు. అమ్మ ముందు నడుస్తోంది, చూడలేదు. నేను చూశాను.

మరుసటి వేసవిలో కమలాపురంలో పెళ్లి. బడికి సెలవులని నన్నూ తీసుకుపోయాడు. ఊరేగింపు మొదలయ్యే ముందు చెయ్యి చాపి, "రెండుది తియ్ పాపా" అన్నాడు.

డబ్బాలో పాత మూడుది ఒకటి మిగిలి ఉంది. పదకొండేళ్ల బుర్రకు ఏం తోచిందో... మూడుది ఊదితే నాన్న మళ్లీ మునుపటి నాన్న అయిపోతాడనుకున్నాను. అదే ఇచ్చాను. నాన్న నోట్లో పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. అదే బిగించుకున్నాడు.

మొదటి పాట ఎలాగో గడిచింది. రెండో పాటలో స్వరం రాలేదు... గాలి ఒక్కటే బుస్సుమంది. నాన్న మెడ నరాలు తాళ్లలా లేచాయి. తర్వాత దగ్గు. డప్పులు మోగుతూనే ఉన్నాయి, నాన్న రోడ్డు మీద మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"దేవదానం! ఏమైతాందప్పా? నీళ్లు... ఎవరన్నా నీళ్లు తేండప్పా!" మస్తాన్ మామ క్లారినెట్ పక్కన పడేసి పరుగెత్తాడు.

నేనే చంపేశాను అనుకున్నాను.

ఆటోలో కడప పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. దారంతా నాన్న అరచెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఆ వేళ్లు కదులుతున్నాయా లేదా అని చూస్తూనే ఉన్నాను. అమ్మ రాగానే అంతా చెప్పేశాను... అంకెలు, మెట్లు, నేను మార్చి ఇచ్చిన రీడు. ఎంత కొట్టినా పడదామనుకున్నాను. అమ్మ నన్ను పొట్టకు అదుముకుంది. "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోస్తాండావా తల్లీ..." అంటూ ఏడ్చింది.

ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందన్నారు డాక్టరు. పోయిన దమ్ము తిరిగి రాదు, బండల పని ఇవాళే మానేస్తే ఉన్నది నిలబెట్టుకోవచ్చన్నారు.

రెండు రోజులకు నాన్న లేచి కూర్చున్నాక, మంచం పట్టె పట్టుకుని "నేను మూడుది ఇచ్చినా నాయినా" అన్నాను.

"నోట్లో పెట్టుకుంటానే తెలిసిపాయ పాపా."

"మరి ఎందుకు ఊదినావు?"

నాన్న కిటికీ వైపు తిరిగాడు. "నాకూ చూసుకుందామనిపించ్చ... ఇంకా ఎంత ఉండాదో. నీకంటే నాకే శానా భయంగా ఉన్న్యాది."

అంతవరకు నాన్నలకు భయం ఉంటుందని నాకు తెలియదు.

బండల పని మానేశాడు. ఒక బడి గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. సాక్సాఫోన్ మస్తాన్ మామకు ఇచ్చేశాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికాడు... నా పెళ్లిలో ముందు వరసలో కూర్చుని, బ్యాండు వాయిస్తుంటే వేళ్లు మోకాలి మీద ఆడించాడు.

మొన్న కడపలో ఒక పెళ్లికి పోయాను. లారీ నిండా డీజే పెట్టెలు. గంటలకొద్దీ మోగాయి... ఎవరికీ ఆయాసం రాలేదు, ఎవరూ నీళ్లు అడగలేదు. అంత చప్పుడులోనూ నాకెందుకో వీధి ఖాళీగా అనిపించింది.

పెద్దవాళ్ల గురించి మీకొక్కరికే తెలిసిన భయాన్ని మీరూ చిన్నప్పుడు మోశారా? చివరికి ఎవరికి చెప్పుకున్నారు? ఇక్కడ రాయండి... నేను చదువుతాను.