లాటిన్ క్లాసులో రెండో కుర్చీ

నిన్న అలమారా సర్దుతుంటే పాత లాటిన్ నిఘంటువు బయటపడింది. తెరవగానే మా దుబాయ్ స్కూలు ఏసీ వాసన, ఆ తడి దుమ్ము వాసన తగిలింది. డెబ్బైల చివర్లో అక్కడ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

ఆఖరి రెండేళ్ళూ లాటిన్ తీసుకున్నది ఇద్దరమే, నేనూ నిర్మలా. ఒక్కరే మిగిలితే క్లాసు ఎత్తేస్తామని లాటిన్ చెప్పే నన్, సిస్టర్ ముందే చెప్పేశారు. నర్సుగా చేసే మా అమ్మేమో, మా అమ్మాయి డాక్టర్ల భాష చదువుతోందని హాస్పిటలంతా చెప్పుకునేది.

పరీక్షలకి ఇంకా మూడు నెలలుందనగా, నిర్మల వాళ్ళ నాన్న వీసా పొడిగించడానికి కఫీల్, అంటే ఆయన్ని పనిలో పెట్టుకున్న అరబ్బు స్పాన్సర్, ఒప్పుకోవట్లేదని తెలిసింది. ఇక రోజూ పద్యాల పుస్తకం తెరవకముందే అడిగేదాన్ని.

"సంతకం పెట్టాడంటనా?"

"రేపు రమ్మన్నాడంట."

నాకు అన్నం సహించేది కాదు. తను రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆ ఖాళీ కుర్చీ చూసి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేదాన్ని.

ఒక గురువారం తను ఈ నిఘంటువు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఖలాసే, అంతా అయిపోయింది. శనివారం ఫ్లైటు."

నాకు ఏడుపు ఆగలేదు. తనే నా కళ్ళు తుడిచింది.

"నా కోసం అంత ఏడవకే, ఉత్తరాలు రాస్తాగా."

నిర్మలా, ఇది నీ కంట పడితే చెబుతున్నాను. ఆ రోజు ఏడ్చింది నీ కోసం కాదే. క్లాసు పోతుందని.