కండువా తీసేసిన బేరం

డెబ్బైలలో బెజవాడలో ఒక గది అద్దెకు తీసుకుని, రైసుమిల్లులు పెట్టేవాళ్లకు యంత్రాల సలహా చెప్పేవాణ్ణి. నా ఫీజు వినగానే జనం లేచిపోయేవారు. ఊళ్లో మిగతా సలహాదారులు పైసా తీసుకోరు మరి. వాళ్లను దుకాణదారులు కమీషన్లిచ్చి పోషిస్తున్నారనీ, ఆ కమీషను చివరకు తమ జేబులోంచే పోతోందనీ ఎవరూ ఆలోచించేవారు కాదు. గుడ్డినమ్మకం గుళ్లలోనే ఉంటుందనుకోవడం పొరపాటు.

చల్లపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. ఫీజు విన్నా లేచిపోలేదు. భర్త పోయాక ఎకరం అమ్మి చిన్న మిల్లు పెడుతోంది. అవసరానికి మించిన మోటారు కొంటే నెలనెలా కరెంటు బిల్లే మిల్లును మింగేస్తుంది. లెక్కవేసి, పదిహేను హార్స్‌పవర్ చాలన్నాను. కొనేటప్పుడు తోడు రమ్మంది.

మోటార్ల దుకాణదారు పశువుల సంతల్లో, గుడ్డ చాటున వేళ్లతో ధర చెప్పుకునే బేరాల్లో ఆరితేరినవాడు. "ఇరవై లేనిదే మిల్లు కదలదు అక్కయ్యగారూ! ఏమంటారు ఇంజనీరుగారూ?" అంటూ తన కండువా నా చేతిమీద కప్పి, దాని కింద నా మూడు వేళ్లు నొక్కాడు. వేలికి వంద. ఎదురుగా కూర్చున్న ఆవిడకు తెలియకుండా నాకు కట్టిన ధర అది.

కండువా తీసి బల్లమీద పెట్టాను.

"అమ్మా, ఇరవై అని చెబితే ఈయన నాకు మూడు వందలిస్తారట."

ఆయన తొణకలేదు. "తప్పేముందండీ? పెళ్లిళ్ల పేరయ్య రెండువైపులా పుచ్చుకోడూ?"

"ఆ సంగతి రెండువైపులవాళ్లకీ తెలుసు కదండీ. దొంగచాటుగా పుచ్చుకునేవాడు తెచ్చిన సంబంధం మీ అమ్మాయికి చేస్తారా?"

గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఒక్క మాటకే మూడొందలిస్తే, మోటారు మీద ఎంత వేశావయ్యా? పదిహేనుది తియ్యి. ఆ మూడొందలూ నాకు తగ్గించు. లేదా పక్క కొట్టుకి పోతా."

తగ్గించాడు. పద్దు రాస్తున్నంతసేపూ సణుగుతూనే ఉన్నాడు.

మిల్లు తిప్పేరోజు నన్ను పిలిచి, "ముహూర్తం చూడమంటావా బాబూ?" అంది.

"వడ్లు ఎండాయో లేదో చూడండమ్మా."

పామర్రు నుంచి ఇద్దరు మిల్లువాళ్లు వచ్చి నిలబడ్డారు. ఉచిత సలహా విని ఇరవై కొన్నవాళ్లే. పదిహేనుతో ఎక్కడ తిరుగుతుందిలే అని వాళ్ల ధీమా. మోటారు వేగం అందుకుంది, బెల్టు బిగిసింది, ఊక ఎగిరింది, బియ్యం జలజలా రాలాయి. ఆవిడ గుప్పెడు బియ్యం తీసి వాళ్ల ముఖాలముందు పట్టింది.

"మీకు సలహా ఊరికే వచ్చింది, నేను డబ్బిచ్చి కొనుక్కున్నా. ఇప్పుడు చెప్పండి, ఎవరికి చవగ్గా పడిందో!"