బ్రాకెట్లో ఏముంది?

నిన్న మా పక్కింటి గేటుకు రంగు వేశారు. థిన్నర్ వాసన కిటికీలోంచి వచ్చి మా వంటింటి పోపుతో కలిసింది. పోపు మాడుతోందన్న ధ్యాస కూడా లేకుండా, "మండేది ముందు, మత్తు వెనుక" అని గొణుక్కుంటూ నిలబడిపోయాను. మా ఆయన తొంగి చూసి, "వచ్చిందా మీ మేడం పూనకం?" అన్నాడు. పూనకమే అనుకోండి. సరళా మేడం దగ్గర పనిచేసినవాళ్ల ముక్కు ఊరికే ఉండదు.

అప్పట్లో నేను అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. చదువుతున్నానంటే, రాని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నానని అర్థం. కెమిస్ట్రీ డిగ్రీ ఉంది కదా అని నారాయణగూడలో ఒక మిఠాయి దుకాణం పైనున్న చిన్న ఆఫీసులో సగంపూట పనికి కుదిరాను. ఓడల్లో, విమానాల్లో విదేశాలకు వెళ్లే రసాయన మిశ్రమాలకు పేర్లు పెట్టడం మా పని. నవ్వకండి, నిజంగానే పేర్లు పెట్టడం. డ్రమ్ములో ఏమేం కలిపారో ఫ్యాక్టరీవాళ్లు చెబుతారు. అది మండుతుందా, చర్మాన్ని తినేస్తుందా, విషమా, రెండు గుణాలుంటే ఏది ముందు, ఏది వెనుక అన్నది లావుపాటి నిబంధనల పుస్తకం చూసి తేల్చి, డ్రమ్ము మీద ఏ పేరు రాయాలో మేం చెప్పాలి. ఆ పుస్తకంలో సొంత పేరంటూ లేని మిశ్రమానికి 'ఎన్ఓఎస్' అని రాస్తారు. విడిగా పేరు లేనిది అని దానర్థం.

సరళా మేడం ఆ ఆఫీసు యజమాని. చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన మనిషి. యాభై దాటిన వయసు, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన నూలుచీర. తిడితే కింద మిఠాయి దుకాణం దాకా వినిపించేది. అన్నం తిన్నావా అని అడిగినా అంతే గట్టిగా అడిగేవారు. చేరిన కొత్తలో ఒక మిశ్రమానికి 'మండే ద్రవం, ఎన్ఓఎస్' అని రాసి, పనైపోయిందని ఆమె ముందు పెట్టాను.

"ఏందిది?" అన్నారు.

"పేరు మేడం."

"బ్రాకెట్ల ఏముంది?"

నేను కాగితం మీద బ్రాకెట్ కోసం వెతికాను. "ఎన్ఓఎస్ అని రాసి చేతులు దులుపుకుంటే అయితదా? దానికి పేరు లేకుంటే లేకపాయె, లోపల ఉన్నోళ్ల పేర్లన్న బ్రాకెట్ల చెప్పాలె గద! నువ్వు రాసేది పుస్తకం కోసం కాదు బిడ్డా. ఆ డ్రమ్ము ఏ దేశంలనో ఒలికితే, దాని ముంగట నిలవడ్డోడు నీ బ్రాకెట్ చూసే దగ్గరికి పోవాల్నా, ఉరకాల్నా అనుకుంటడు."

"ఒలకకపోతే మేడం?"

"ఒలకకపోతే నువ్వు మంచిగ రాసినవని ఎవ్వరికీ తెల్వది. గంతే మన నౌకరి."

ఆమె సొరుగులో లవంగాల డబ్బా, ఒక నిమ్మకాయ ఉండేవి. రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని వాటిని ముక్కు దగ్గర పెట్టుకునేవారు. తర్వాత ఒక లవంగాన్ని నోట్లో వేసుకుని పని మొదలుపెట్టేవారు. "లవంగానికి కూడా పేరు పెడుతున్నరా మేడం?" అని ఒకసారి ఆటపట్టించాను. కోప్పడతారనుకుంటే, కూర్చోమన్నారు.

ఆమె వయసులో ఉన్నప్పుడు ఏదో కంపెనీ గోదాములో పనిచేశారట. 'శుభ్రం చేసే ద్రవం' అని రాసి ఉన్న డ్రమ్ము మూత తీశారట. లోపల ఉన్నది ఆసిడ్ మిశ్రమం. ఆ పొగ తగిలి పడిపోయారు. "ఊపిరి తిరిగొచ్చింది. వాసన రాలే," అన్నారు. ఘాటైనవి రోజూ వాసన చూస్తుంటే తిరిగి రావచ్చని ఒక డాక్టరు చెప్పాడట. ఏళ్ల తరబడి ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు కూతురు మాధవికి నెలలు నిండుతున్నాయి.

"మాధవి పుట్టినప్పుడు దాని నెత్తి వాసన చూసుకుంటనే పొద్దు గడిచేది నాకు. మనవడో మనవరాలో వచ్చేటాల్లకు నా ముక్కు నాకు రావాలె సంధ్యా. ఇంకేమడుగుత దేవుణ్ణి?"

ఆ రోజు నుంచి ఆమె ముక్కు నేనే అయ్యాను. సాయంత్రం నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా ఇద్దరం నడిచివెళ్లేవాళ్లం. "ఏమొస్తుంది?" అని అడిగేవారు. "ముందు బజ్జీల నూనె మేడం, వెనుక పెట్రోలు." "పాత నూనెనా, కొత్తదా?" "పాతదే." "అయితే తినేది లేదు, నడువ్." ఒకసారి పూలబండి దగ్గర 'మంచి వాసన' అన్నానని నడిరోడ్డు మీద తగులుకున్నారు. "మంచిది గించిది అని ఎన్ఓఎస్ మాటలు నాకొద్దు. బ్రాకెట్ల ఏముందో చెప్పు!" మల్లెలు, తడి అరటినార, బండి కింద బురద అని చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని గాలి పీల్చారు. మొహంలో ఏ కదలికా లేదు. నాకు ఏడుపొచ్చి, చిల్లర వెతుక్కుంటున్నట్టు సంచిలోకి తల దూర్చాను.

ఒక ఉదయం ఆమె కేక విని పరుగెత్తాను. "వచ్చిందే! నిమ్మకాయ వచ్చింది!" మొహం వెలిగిపోతోంది. అంతలోనే అనుమానం వచ్చింది, చేతిలో చూసి అనుకున్నానేమో అని. కళ్లు గట్టిగా మూసుకుని, "నువ్వు పెట్టు," అన్నారు. నేను లవంగం పెట్టాను. గట్టిగా పీల్చి, "నిమ్మకాయ," అన్నారు, చిన్నపిల్లలా నవ్వుతూ.

అవునని చెప్పి ఉంటే ఆమె ఆ రోజంతా సంతోషంగా ఉండేవారు. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తప్పుడు పేరు వల్లే ముక్కు పోగొట్టుకున్న మనిషికి తప్పుడు పేరు ఎలా చెప్పను?

"లవంగం మేడం."

ఆమె కళ్లు తెరిచారు. "మంచిగ చెప్పినవ్," అని లవంగం నోట్లో వేసుకుని ఫైలు దగ్గరికి లాక్కున్నారు.

ఆమె ఫోన్ చేసిన రోజు బంద్. మాధవి ఆడపిల్లను కని ఇంటికి వచ్చింది, రమ్మన్నారు. షట్టర్లు దించిన వీధుల్లో నడుచుకుంటూ చిక్కడపల్లి వెళ్లాను. అప్పుడే పాపకు స్నానం చేయించి పొగ వేశారు. మేడం పాపను భుజాన వేసుకుని గదిలో తిరుగుతున్నారు. నన్ను చూసి ఆగి, పాప మాడు మీద ముక్కు ఆనించి నిండా గాలి పీల్చారు. తర్వాత తల అడ్డంగా ఊపారు.

"ఏం రాలే సంధ్యా. నువ్వు చూసి చెప్పు."

వంగి వాసన చూశాను. అన్నాళ్లూ నేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో! "దీనికి పేరు లేదు మేడం. ఎన్ఓఎస్." మంచం మీద మాధవి ఫక్కున నవ్వింది. మేడం నవ్వలేదు.

"బ్రాకెట్ల?" అన్నారు, ఎప్పుడూ లేనంత మెల్లగా.

మళ్లీ వంగాను. "ముందు పాలు. వెనుక సాంబ్రాణి. కొంచెం కొబ్బరినూనె." ఇంకొకటేదో ఉంది. నాకు బాగా తెలిసినదే, పోల్చుకోవడానికే సమయం పట్టింది. "లవంగం, గంజి."

"పసిపిల్లకు లవంగమెవ్వరు పెట్టిన్రే?" అని కూతురి మీద గయ్యిమన్నారు.

"ఎవ్వరు పెట్టలే మేడం. అది మీ వాసన. పొద్దుటి నుంచి మీ భుజం మీదనే ఉంది గద."

ఆమె తన భుజం వైపు చూసుకున్నారు. "నాకు వాసన ఉంటదా?"

"ఉంటది మేడం. మీరు మెట్లెక్కుతుంటేనే మాకు తెలుస్తది."

ఆమె పాప చెంపకు చెంప ఆనించుకున్నారు. కన్నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. "అయితే నాకు తెల్వకున్నా మంచిదే," అన్నారు. "నేనెవరో దీనికి తెలుస్తది."

ఆమె ముక్కు మళ్లీ రాలేదు. ఆమె కూడా ఇప్పుడు లేరు. మా అబ్బాయి బడి నుంచి వచ్చి "ఏదోలా ఉందమ్మా" అంటే, ఆ మాటతో వదలకుండా పక్కన కూర్చోబెట్టుకుని, బ్రాకెట్లో ఏముందో చెప్పమంటాను. మొదట విసుక్కుంటాడు, తర్వాత ఒక్కొక్కటే చెబుతాడు.

నిన్న మాడిన పోపు పారబోసి, మళ్లీ వేద్దామని లవంగాల డబ్బా మూత తీశాను. ముందు లవంగం వచ్చింది, వెనుక గంజి. మా ఇంట్లో చీరలకు గంజి పెట్టేవాళ్లెవరూ లేరు.