అన్నిటికీ ఒకటే పేరు

ఆ ఫోటో స్టూడియోలో ఆమెను అందరూ టచప్ అనే పిలిచేవారు. మొహాల మీద మచ్చలు తీసేయడం, మూసుకుపోయిన కళ్లు తెరిపించడం, పెళ్లికి రాని మేనమామను ఎక్కడినుంచో తెచ్చి గ్రూపు ఫోటోలో నిలబెట్టడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా అదే గది, అదే కుర్చీ, కిటికీ అద్దాలకు అవే నల్ల కాగితాలు. యజమానిని ఎదురుగా సార్ అనేవారు, వెనకాల పోజుగారు అనేవారు. తీయించుకునేవాళ్లకంటే తీసే ఆయనే ఎక్కువ పోజు పెడతాడని ఆ పేరు స్థిరపడిపోయింది.

టచప్‌కి పోజుగారి మీద పదకొండేళ్ల కక్ష. రోజూ పొద్దున్నే స్టూడియో తాళంతోపాటు దాన్నీ తెరిచి, ఉందా లేదా చూసుకుని, పనిలో కూర్చునేది.

కథ పెద్దదేమీ కాదు. ఒక మధ్యాహ్నం ఆమె తల్లి క్యారేజీ తెచ్చింది. కూతురికి పని తెమలలేదు. ముసలావిడ కస్టమర్ల కుర్చీలో కూర్చుని, కళ్లజోడు మడిచి గుప్పిట్లో పెట్టుకుని అలాగే నిద్రపోయింది. సగం దించిన షట్టర్ కిందనుంచి వచ్చిన ఎండ ఆ చేతుల మీద మాత్రమే పడింది. టచప్ బల్ల మీదున్న కెమెరా తీసి ఒక్కటంటే ఒక్క ఫోటో తీసింది. నాలుగు నెలలకు తల్లి పోయింది. మరుసటి ఏడు ఆ ఫోటోకి ఒక పోటీలో మొదటి బహుమతి వచ్చింది, పోజుగారి పేరు మీద. దాని కింద ఆయన రాయించింది "పేరు తెలియని వృద్ధురాలు" అని. ఆ వెలుగు కోసం మూడు రోజులు కాపు కాశానని పత్రికవాళ్లకు చెప్పుకున్నాడు కూడా.

ఆమె ఒకే ఒక్కసారి అడిగింది. "ఆవిడ మా అమ్మ సార్. తీసింది నేను."

"కెమెరా ఎవరిది? కుర్చీ ఎవరిది? ఎండ పడ్డ గచ్చు ఎవరిది? నువ్వు బటన్ నొక్కావు, అంతేగా," అన్నాడు పోజుగారు, పళ్లు కుట్టుకుంటూ.

ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. పని మానేసి పోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. ఆ ఫోటో నిలువెత్తున కట్టించి స్టూడియో హాల్లో వేలాడదీశాడాయన. తల్లిని ఆ గోడకి వదిలేసి ఎలా పోతుంది? మిషను కుట్టే అక్కతో కలిసి ఆమె బతుకుతున్న రెండు గదుల్లో తల్లిది గుర్తింపు కార్డు మీది ఫోటో తప్ప ఇంకోటి లేదు. తీసేవాళ్ల ఇళ్లలో ఫోటోలుండవు, ఆ సంగతి అందరికీ తెలిసిందే.

ఈ ఏడు ఫోటోగ్రాఫర్ల సంఘం పోజుగారికి సన్మానం తలపెట్టింది. ముప్పై ఏళ్ల కృషి మొత్తం పెద్ద తెర మీద వరసగా చూపించాలన్నారు. అక్కడ వచ్చింది చిక్కు. స్టూడియోలో పద్నాలుగు హార్డ్ డిస్కులున్నాయి. వాటిలో రెండు లక్షల ఫోటోలున్నాయి. ఫోల్డర్లకి పేర్లు చూడబోతే "కొత్తది", "కొత్తది రెండు", "పెళ్లి ఫైనల్", "పెళ్లి అసలు ఫైనల్", "ఇదే చివరిది ముట్టుకోవద్దు". అన్నీ ఆయన పెట్టినవే.

"ఏదో ఒక మంచి సాఫ్ట్‌వేర్ చూడు. దిద్దడం, సర్దడం, చూపించడం అన్నీ అందులోనే అయిపోవాలి. నువ్వు ఏదంటే అది," అన్నాడు పోజుగారు.

నువ్వు ఏదంటే అది. పంతొమ్మిదేళ్లలో ఆమెకు ఆ మాట వినపడడం అదే మొదలు.

నెల్లాళ్లు ఉచితంగా వాడుకోనిచ్చేవి మూడు తెచ్చిపెట్టుకుని, ఒకే పెళ్లి ఫోటోలు ఎనిమిది వందలు మూడింటిలోనూ వేసి చూసింది. మొదటిది రంగులు దిద్దడంలో దిట్ట, సర్దడం దగ్గర మాత్రం ఒట్టి మొద్దు. రెండోది బంగారం. మొహాలు గుర్తుపట్టి ఎవరివి వాళ్లకి వేరు చేసింది, తేదీల వారీగా పేర్చింది, ఎంత దిద్దినా అసలు ఫోటో చెక్కుచెదరకుండా ఉంచింది. ఫోటో తీసినవాళ్ల పేరు ఉండే గడి ఒకటుంటుంది. అందులో ముందే ఒక పేరుంటే, "మార్చమంటారా?" అని ఒక్కొక్క ఫోటోకీ అడిగింది. మూడోది తొందర సరుకు. దానికి అడగడాలు లేవు. ఒక్క నొక్కుతో ఎన్ని లక్షల ఫోటోలకైనా ఒకే పేరు తగిలిస్తుంది, తెర మీద చూపించేటప్పుడు ఆ పేరును ప్రతి ఫోటో కిందా దానంతటదే వేస్తుంది.

ఏది మంచిదో ఆమెకు మొదటి రోజే తెలిసిపోయింది. పనిలో ఎప్పుడూ తక్కువరకం దానికి ఒప్పుకున్న మనిషి కాదు. అయినా మూడోదాని ముందు కూర్చుని చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ చిన్నగా నవ్వుకుంది. అది మంచి నవ్వు కాదు.

ఇంటికెళ్లి అక్కకు చెప్పింది. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంతా విని, "వాడి సంగతి సరే, ఆ పెద్దాయన ఏం పాపం చేశాడే?" అంది.

పెద్దాయన అంటే పోజుగారికి కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి. ఎనభై దాటాయి. తన నెగెటివ్‌లన్నీ స్కాన్ చేయించి, జాగ్రత్తగా ఉంటాయని శిష్యుడి స్టూడియోలోనే పెట్టించాడు. ఆ మాట టచప్‌కి తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు వెళ్లి ముందు రెండు లక్షల ఫోటోలకీ, పేర్లతో సహా, ఇంకో డిస్కులో నకలు తీసి అల్మరా రెండో అరలో పెట్టింది. నకలు లేకుండా దేన్నీ ముట్టుకోదు, అది ఆమె పద్ధతి. పగ తీర్చుకోవడానికీ అదే పద్ధతి పాటించింది.

ఆ తర్వాత పోజుగారిని పిలిచింది.

"ఇందులో ఒక్క నొక్కుతో అన్నిటికీ మీ పేరు పడిపోతుంది సార్. తెర మీద ప్రతి ఫోటో కిందా కనిపిస్తుంది."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లూ ఇది ఎందుకు చెప్పలేదు? కానియ్యి."

"అన్నిటికీనా సార్? పెద్దాయనవి ఉన్నాయి. జనం బాగు చేయమని ఇచ్చిన పాతవీ ఉన్నాయి. విడదీయాలంటే పది రోజులు పడుతుంది."

"పది రోజులా? సన్మానం ఎల్లుండి. నా స్టూడియోలో ఉన్నవి నావి కాక ఎవరివి? అన్నిటికీ అంటే అన్నిటికీ."

"అయితే మీ చేతుల మీదుగానే కానివ్వండి," అంటూ ఆమె లేచి కుర్చీ ఇచ్చింది.

పోజుగారు చొక్కా సర్దుకుని, ఎవరో ఫోటో తీస్తున్నట్టు గడ్డం పైకెత్తి, బటన్ నొక్కాడు.

తెరకు కావలసిన మూడు వందల ఫోటోలూ ఆయనే ఏరాడు. ఏరడమంటే బాగున్నదల్లా, తను కనిపించిందల్లా పట్టుకోవడమే. ఎవరు తీశారో ఆయన ఏనాడూ గుర్తు పెట్టుకోలేదు.

సన్మానం ఆదివారం పొద్దున్న. సంఘం వాళ్ల హాలు నిండింది. పెద్దాయన ముందు వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు. టచప్ వెనకాల కంప్యూటర్ దగ్గర కూర్చుంది. మొదటి పది ఫోటోలకు చప్పట్లు కొట్టారు. పదకొండోది ఒక పాత బడి గ్రూపు ఫోటో. రెండో వరసలో ఆరేళ్ల పోజుగారు, ముందు పన్ను ఊడి, అప్పుడే గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు. కింద ఛాయాగ్రహణం అని ఆయన పేరే.

"అన్నా, వరసలో నిలబడి ఎలా నొక్కావు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. హాలంతా ఘొల్లుమంది.

తర్వాతది ఆయన పెళ్లి ఫోటో. దాని కిందా ఆయన పేరే. ఆ తర్వాత నలుపు తెలుపుల్లో, బావి గట్టు మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటున్న ఒక యువతి. దాని కింద కూడా. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కర్ర ఊతగా లేచాడు.

"ఇది నేను తీసింది నాయనా. మా ఆవిడ. అప్పటికి నువ్వు పుట్టలేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే టచప్‌కి తేలికయ్యేది. ఆ ఒక్క క్షణం ఆమెకు తను చేసింది తనకే రోతగా అనిపించింది. ఆ వెంటనే తల్లి తెర మీదికి వచ్చింది, గుప్పిట్లో కళ్లజోడుతో. రోత పోయింది.

"మరి ఇది ఎవరు తీశారు?" పెద్దాయన తెర వైపే చూస్తూ అడిగాడు.

"ఇది నేనే అండీ. ఒట్టు. ఇది మటుకు నేనే," అన్నాడు పోజుగారు.

హాలు మళ్లీ నవ్వింది. పదకొండేళ్లు నమ్మిన జనం ఒక్క పూటలో నమ్మడం మానేశారు. ఆమెకు కావలసింది అదే. కడుపు చల్లబడింది, అలా అని చెప్పుకోవడానికి ఆమె సిగ్గుపడలేదు.

మధ్యాహ్నానికి పోజుగారు శాలువా చంకలో కుక్కుకుని స్టూడియోకి వచ్చాడు. "నా పరువు గంగలో కలిపావు కదే."

"నేనేం చేశాను సార్? అన్నిటికీనా అని అడిగాను కూడా. బటన్ నొక్కింది మీరేగా," అంది ఆమె, సంచిలో నీళ్ల సీసా పెట్టుకుంటూ.

ఆయన గోడ మీది ఫోటో వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి ఆమె కుర్చీలో కూలబడ్డాడు. సంఘం వాళ్లు సాయంత్రానికల్లా తప్పులు దిద్ది పంపమన్నారట. ముందు గోడ మీదున్న ఆ ఫోటోనే కంప్యూటర్లో తెరిచి, గడిలో తన పేరు చెరిపేశాడు. వేళ్లు అక్షరాల మీద పెట్టి ఆగిపోయాడు. పంతొమ్మిదేళ్లు టచప్ అని కేకేసి పిలిచిన మనిషి మెల్లగా తల తిప్పాడు.

"నీ పేరేమిటమ్మా?"

పదకొండేళ్లుగా ఆయనతో అనాల్సిన మాటలన్నీ ఆమె కూడబెట్టుకుంది. ఈ ప్రశ్నకు మాత్రం వాటిలో జవాబు లేదు. ఆమె బల్ల మీద స్టూడియో తాళాలు పెట్టింది.

"అల్మరా రెండో అరలో ఒక డిస్కుంది. ఎవరి పేర్లు వాళ్లకి అందులో భద్రంగా ఉన్నాయి. నా పేరూ, మా అమ్మ పేరూ కూడా ఉన్నాయి, తీసిన రోజే నేను రాసుకున్నవి, ఒకే ఒక్క ఫోటో మీద," అంది ఆమె. "ఏ ఫోటోనో మీకు తెలుసు. వెతుక్కోండి."

గోడ దగ్గరికి వెళ్లి, కస్టమర్ల కుర్చీ ఎక్కి, నిలువెత్తు ఫోటోను మేకుల నుంచి దించింది. ఆయన అడ్డం రాలేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆమె మెట్లు దిగింది.