మా ఇంటి ఖాకీ, టీచరమ్మ నల్లకోటు

మా చిన్నప్పుడు... మారేడ్‌పల్లిలోని మా ఇంట్లో ఖాకీ కానిది మేక ఒక్కటే.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కంటోన్మెంటులో పాత మిలిటరీ బట్టలు మూటలకు మూటలు వేలం వేసేవారు. బాబా, అంటే మా నాన్న, వడ్రంగి. చవక అనే మాట చెవిన పడితే ఆగే మనిషి కాదు... ఒక మూట భుజాన వేసుకుని వచ్చాడు. ఇక అమ్మ కత్తెర పట్టింది. బాబాకు, కరీం మామకు చొక్కాలు, లాగులు... నాకు గౌను... దిండు గలేబులు, బజారు సంచి, కోళ్ల గంప మీద కప్పు... అన్నీ ఖాకీయే.

నా గౌను జేబు ఏ సిపాయి చొక్కాదో... దాని మూలలో పొగాకు వాసన ఎన్ని ఉతుకులైనా పోలేదు. అతనిది ఏ దేశమో, బతికి ఇంటికి చేరాడో లేదో అని బళ్లో కూర్చుని ఆలోచించేదాన్ని. నా బడి చదువు అంతంతమాత్రంగా ఉండటానికి ఆ జేబే కారణం... సరే, అసలు సంగతికి వస్తాను.

కరీం మామ అమ్మకు తమ్ముడు. మాతోనే ఉండేవాడు. మౌలాలి రైల్వే క్వార్టర్లకు సున్నం వేసే పని. అతనికి ఒకే ఒక తెల్ల చొక్కా ఉండేది. మోచేతులు చిరిగాయని అమ్మ ఈ సంగతి జరిగిన వారమే దాన్ని కోసి నా గౌనుకు వెడల్పాటి తెల్ల కాలరు కుట్టింది. ఖాకీ మీద తెల్ల కాలరు... నేను మెడ తిప్పకుండా నడిచేదాన్ని.

ఆ రోజుల్లో రజాకార్లూ ఖాకీయే తొడుక్కునేవారు. వాళ్లు కవాతు చేస్తూ వస్తే వీధి వీధంతా తలుపులు మూసుకునేది. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది... నిజాం సర్కారు లొంగిపోయింది. అన్నాళ్లు దాచుకున్న కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియని జనం రోడ్ల మీదికి వచ్చారు.

ఆ మర్నాడు పక్కింటి మార్తమ్మ టీచరు పెరటి తలుపు తోసుకుని వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. భర్త పోయాడు, ఒక్కతే ఉండేది.

"ఫాతిమా, ముందా ఖాకీ బట్టలు తీయించెయ్యమ్మా. స్టేషను దగ్గర ఆ రంగు కనబడితే చాలు, రజాకారంటున్నారు. నిమ్మకాయలమ్ముకునేవాణ్ణి కొట్టి పడేశారు."

అమ్మ దండెం వైపు చూసింది. "ఏం తీయాలె టీచరమ్మా... ఇల్లంత గదే కద."

గంగాళం పొయ్యి మీదికెక్కింది. కరక్కాయ పొడి, బాబా పనిముట్ల పెట్టెలోని తుప్పు మేకులు... రెండూ మరిగితే నల్లరంగు. బాబా ఒంటి మీదివి కూడా అందులోకే పోయాయి. దుప్పటి చుట్టుకుని మూలన కూర్చున్నాడు. ఉన్నట్టుండి అమ్మ చేతిలో కర్ర ఆగింది.

"కరీం పొద్దున ఖాకీల్నే పోయిండు."

అమ్మ నా కాలరు వంక చూసింది. "వాని తెల్లంగి నేనే కోస్తి."

బాబా లేచాడు. "నేను పోయి తోల్కొస్త."

"దుప్పట్లనా?" అంది అమ్మ.

"కూర్చో అబ్బాయ్. నువ్వెళ్తే ఇద్దర్నీ వెతుక్కోవాలి" అని టీచరమ్మ తన ఇంటికెళ్లి భర్త పెళ్లికోటు తెచ్చింది. మోకాళ్ల దాకా ఉండే నల్లకోటు, కలరా ఉండల వాసన. కోటు పెట్టుకోమని అమ్మ అలవాటుగా బజారు సంచి అందించింది... ఖాకీ సంచి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ కోటును చీర మీదే తొడుక్కుని, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి వాన పట్టుకుంది. పిండిన బట్టలు పిండినట్టే ఉన్నాయి. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని కాలరు కుట్లు విప్పడం మొదలుపెట్టింది... దాన్ని మళ్లీ చొక్కా చేయగలనన్నట్టు.

దీపాల వేళకు వచ్చారు. మామ నల్లకోటుకు మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. మొహం మీద తెల్లటి చారలు. టీచరమ్మ వెనక నుంచి గొడుగు పట్టింది.

సంగతి తెలిసి మామ మౌలాలిలో సున్నపు తొట్టిలో దిగి, బట్టలన్నీ తెల్లగా చేసుకుని బయల్దేరాడట. దారిలో ఈ వాన... భుజాల మీద నుంచి సున్నం కారిపోతూ ఉంటే కింద ఖాకీ తేలుతోంది. ముందు రైలు గేటు దగ్గర కర్రలు పట్టుకున్న మనుషులు. వెనక్కి పోలేక ఒక గోడ చాటున నిలబడ్డాడు. టీచరమ్మ అతన్ని చూసింది అక్కడే. కోటు విప్పి తొడిగి, చెయ్యి పట్టుకుని గేటు దాటించబోయింది.

"ఎవరమ్మా ఈడు?"

"మా తమ్ముడు."

ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పే మనిషి...

"మొఖం మీద గా సున్నమేంది?"

"సున్నం పనివాడికి సున్నం కాక గంధం అంటుతుందా?"

పక్కకు జరిగారట.

ఆ దారంతా తడిసిన సున్నం కోటు కింద ఒంటిని కాలుస్తూనే ఉంది. మామ ఒక్క గుండీ విప్పలేదు. అమ్మ చొక్కా తీయబోతే భుజాల తోలు దానితో పాటే వచ్చింది. కొబ్బరినూనె రాసి, నా కాలరు ముక్కలు పైన పరిచింది. మామ తెల్ల చొక్కా అలా మామకే చేరింది... నేను కాలరు కోసం ఏడవలేదు. ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు కూడా.

తగ్గాక మామ కోటు తిరిగివ్వబోతే టీచరమ్మ తీసుకోలేదు. "ఉంచుకో. ఇంకా వానలు పోలేదు" అంది.

మామ భుజాల మచ్చలు చివరిదాకా ఉన్నాయి. ఆ దారిలో ఇంకా ఏం చూశాడో చివరిదాకా చెప్పలేదు. అమ్మ మాత్రం ఆ తర్వాత ఏ పాత బట్టకు కత్తెర పెట్టినా ముందు అడిగేది... "నీకు ఇంకోటి ఉందా?"

మొన్న నా మనవరాలు సైనిక్‌పురిలో పాత బట్టల దుకాణం నుంచి ఖాకీ జాకెట్ తెచ్చుకుంది. "వింటేజ్ నానీ. ఎట్లుంది?" అంది. బాగుంది బిడ్డా అన్నాను, జేబు మూలలో వేలు పెట్టి చూశాను... పొగాకు లేదు. అది వేసుకుని స్కూటీ మీద బజారుకు పోయింది. వాన మొదలైంది. ఫోన్ చేస్తే, "తడిస్తే ఏమైతది నానీ" అని నవ్వింది.

ఏమీ కాదు... దానికి ఖాకీ ఒక రంగు, అంతే. అట్లాగే ఉండనీ.

మీ ఇళ్లలోనూ కత్తెర పెట్టడానికి చేతులు రాని పాత బట్ట ఒకటి ఉండే ఉంటుంది. ఎవరిదో చెప్పండి, వింటాను... మొన్న సాయంత్రం నేను మాత్రం, మామ పోయాక నా దగ్గరికి చేరిన ఆ నల్లకోటు బయటికి తీసి, చేతి మీద వేసుకుని, పిల్ల వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.