కొబ్బరి చెట్ల కింద బెండ మొక్కలు

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఇరవై రెండేళ్లుగా కిరణజన్య సంయోగక్రియ పాఠం నాదే. బోర్డు మీద ఆకు గీసి, పైన సూర్యుణ్ణి పెట్టి, మధ్యలో బాణం గుర్తు వేస్తాను. ఆ బాణం మా పెరట్లో ఎంతవరకు దిగుతుందో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు.

మలికిపురం దగ్గర మా ఇంటి వెనక కాస్త కొబ్బరి తోట ఉంది. చెట్ల మధ్య నేల ఖాళీగా ఉందని కిందటేడు ఫిబ్రవరిలో అక్కడ బెండ పెట్టడానికి గునపం పట్టాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"అక్కడ బట్టలే ఆరవండీ, బెండకాయలు కాస్తాయా?" అంది.

"జీవశాస్త్రం చదివింది నువ్వా, నేనా?" అన్నాను.

జానెడు ఎడం కూడా లేకుండా విత్తనాలు గుచ్చేశాను. ఎన్ని ఎక్కువ మొక్కలుంటే అన్ని ఎక్కువ కాయలని నా నమ్మకం. మొలకలు కనబడగానే స్టాఫ్ రూములో, "నెలన్నరలో అందరికీ తలో సంచి" అని ప్రకటించేశాను.

మొక్కలు పెరిగాయి. వెలుతురు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ నా భుజం దాటిపోయాయి. కాడలు పెన్సిల్ అంత సన్నం. గాలి వీస్తే వరసంతా పక్క వరస మీద వాలిపోయేది. ఆకులు పాలిపోయాయని యూరియా వేశాను. ఆకులు చేటలంత అయ్యాయి గానీ పువ్వు రాలేదు. మళ్లీ వేశాను. ఈసారి కింది ఆకులు పండి రాలిపోయాయి.

స్కూల్లో లెక్కల మేడమ్ రోజూ, "మాస్టారూ, మా సంచి ఎందాకా వచ్చిందండీ?" అని అడిగేవారు. ఆవిడకి జవాబు చెప్పలేక ఒక ఆదివారం మార్కెట్లో నాలుగు కేజీల బెండకాయలు కొన్నాను. ముచ్చికలకి మా తోట మట్టి కాస్త పులిమి, సోమవారం స్టాఫ్ రూములో బల్ల మీద పోశాను.

మేడమ్ ఒక కాయ చివర తుంచి చూశారు. "లేతగా ఉన్నాయండీ. నిన్న మార్కెట్లో మీ వెనకాల నిలబడి నేను కొన్నవీ అచ్చం ఇలాగే ఉన్నాయండీ," అన్నారు.

ముందుగా నవ్వింది హెడ్మాస్టరు గారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

ఆ వారమే కొబ్బరికాయలు దింపడానికి ఒక పెద్దాయన వచ్చాడు. మా చెట్లన్నీ ఎన్నో ఏళ్లుగా ఎక్కుతున్న మనిషి. చెట్టు చివరికి వెళ్లి పైనుంచి కేకేశాడు.

"మాస్టారూ, బెండ వేసేరని అమ్మగారు చెప్పేరండీ. ఎక్కడండీ?"

"నేను అందులోనే నిలబడ్డాను!"

"మీరూ కనబడట్లేదండీ. అంతా మట్టలే. నాకే కనబడకపోతే ఆ పైనున్న సూర్యుడికేం కనబడతాయండీ?"

నేను తల పైకెత్తాను. "అయితే ఆ పచ్చి మట్టలు నాలుగు కొట్టెయ్యి, వెలుతురు పడుతుంది," అన్నాను.

ఆయన పని ఆపి కిందికి దిగాడు. కత్తి పక్కన పెట్టాడు.

"తప్పండీ. మట్టకో గెలండీ. ఆ గెలకి కూడు వండిపెట్టేది ఆకే కదండీ. బెండకాయ కోసం కొబ్బరికాయ మానుకుంటారా?"

ఆకు మొక్కకు వంటిల్లు అని ఏటా పిల్లల చేత రాయించేది నేనే.

"మరేం చెయ్యమంటావు?"

"బెండని మేడ మీదకెక్కించండి. ఇక్కడ వానలు పడ్డాక కంద పెట్టండి, నీడకి ఓర్చుకుంటాది. ఎడంగా పెట్టాలండోయ్!"

"ఆయ్," అన్నాను, చేతులు కట్టుకుని.

బెండ పీకేశాను. బియ్యం సంచుల్లో మట్టి నింపి, నడుం పట్టేసేలా మేడ మీదికి మోసి, సంచికొక విత్తనం పెట్టాను. మొక్కలు మోకాలెత్తు దాటకముందే పూశాయి. వారానికి రెండుసార్లు మా ఇంట్లో బెండకాయ వేపుడే. తోటలో మూరెడు మూరెడు ఎడంగా పెట్టిన కంద జనవరిలో తవ్వితే, ఒక్కో దుంప రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. పెద్దది చూసి పెద్దాయనకిచ్చాను.

ఇంకో దుంప నేనే తరుగుతానని సంబరంగా కత్తిపీట ముందు కూర్చున్నాను. అయిదు నిమిషాల్లో మోచేతుల దాకా దురద. మా ఆవిడ చింతపండు పిసికి నా చేతులకి రాస్తూ, "కంద తరిగేముందు చేతులకి నూనె రాసుకోవాలని ఏ తరగతిలోనూ చెప్పరేవిటండీ?" అంది.

కంద బచ్చలి కూర మాత్రం అమోఘంగా కుదిరింది. చేతులు మండుతుంటే చెంచాతోనే తిన్నాను.